పలుగురాయి ఉంటే బంగారం ఉన్నట్టేనా?

పొలంగట్టు: మా జొన్నగిరి చుట్టూ పూర్వీకులు బంగారానికి తవ్విన గుంతలున్నాయి. అశోకుడి ఎర్రగుడి శాసనం కూడా దగ్గరే. బంగారం వెతికేవాళ్లు ఆ గుంతల వెంట తవ్వుకుపోకుండా పరీక్షకని అడుగడుక్కీ మట్టి ఎత్తుకుపోవడం ఎందుకు? పలుగురాయి (క్వార్ట్జ్) కంటికి కనిపిస్తూనే ఉంది కదా.

కోర్‌పెట్టె: పలుగురాయి రాయలసీమ అంతటా ఉంది. అన్నింటిలో బంగారం ఉంటే మన కరువు ఎప్పుడో తీరేది. లోతుల్లో 250 నుంచి 400 డిగ్రీల వేడినీరు గంధకంతో జట్టుకట్టిన బంగారాన్ని మోసుకుంటూ పగుళ్ల వెంట పైకి వస్తుంది. దారిలో ఇనుము ఎక్కువున్న రాయి తగిలితే గంధకం ఇనుముతో కలిసి పైరైట్ అవుతుంది. తోడు పోయిన బంగారం అక్కడే దిగిపోతుంది. ఆ నీటితో చాలాసార్లు ఆర్సెనిక్ కూడా వస్తుంది. అది బంగారం కంటే వెడల్పుగా పరుచుకుంటుంది కాబట్టి ముందు మట్టిలో దాన్ని వెతుకుతాం. మట్టి ఎత్తుకెళ్లేది అందుకే.

సందేహి: 400 డిగ్రీల్లో నీరా? ఆవిరైపోదూ?

కోర్‌పెట్టె: పైన కిలోమీటర్ల మందాన రాతి బరువు. మరగనివ్వదు.

సందేహి: అయినా దాన్ని నీరు అనకూడదు.

వానకాలపు వజ్రం: తొలకరికి మా వైపు రండి. వజ్రాలైనా ఏరుకోవచ్చు.

పొలంగట్టు: కోలారులో తెల్లవాళ్లు పాత గుంతలు చూసే కదా గనులు మొదలుపెట్టింది? వాళ్లకు ఏ ఆర్సెనిక్ దారి చూపింది?

కోర్‌పెట్టె: పాత గుంత మంచి గుర్తే, కాదనలేదు. కానీ పూర్వీకులు కంటికి కనిపించిన రాయిని తవ్వారు, నీళ్లు ఊరితే ఆగిపోయారు. మట్టి కప్పేసిన దాని సంగతి ఆ గుంతలు చెప్పవు. మీకు చదువుకున్నవాళ్ల మాట రుచించకపోతే నేనేం చేయను?

పొలంగట్టు: చదువుకున్నవాళ్లే నిరుడు మా వేరుశనగ చేలో నడుములోతు కందకం తీశారు. రాయి గీరి సంచుల్లో నింపుకొని, నంబర్లు వేసుకొని, పూడ్చకుండా పోయారు. మా గేదె అందులో పడి కాలు విరిగింది. ఏం దొరికిందని ఫోను చేస్తే చెప్పే నాథుడు లేడు.

కోర్‌పెట్టె: ఈ మాట మొదటే రాయవలసింది. పూడ్చకపోవడం తప్పే. ఫలితం మాత్రం మామూలుగా డ్రిల్లింగ్ అయ్యేదాకా బయటపెట్టరు.

పొలంగట్టు: పొలం నాది. నాకు కూడానా?

కోర్‌పెట్టె: మీకు కూడా.

పొలంగట్టు: అయితే ఈసారి సంచి పట్టుకొని గట్టు ఎక్కమనండి, చూద్దాం.

వానకాలపు వజ్రం: ఆ కందకం మట్టి ఇంకా పక్కనే ఉందా? ఒక మంచి వాన పడ్డాక వస్తాను.