అమెరికాలోని మేనమామకు పాపను దత్తత ఇవ్వాలంటే

పర్లాకిమిడి అక్క: మా చెల్లెలు, ఆమె భర్త ఇద్దరూ చనిపోయారు. ఏడేళ్ల పాప మా అమ్మ దగ్గర పెరుగుతోంది. అమెరికా పౌరసత్వమున్న మా తమ్ముడు, మరదలు పెంచుకుంటామంటున్నారు. దత్తపత్రం రిజిస్టరు చేయిస్తే పాస్‌పోర్టు, వీసా వాటంతటవే వస్తాయని ఇక్కడ అందరూ అంటున్నారు. నిజమేనా?

బరంపురం మాస్టారు: పత్రం రాయించకండి అమ్మా, కాస్త ఆగండి. దేశాంతర దత్తతలపై 1993 నాటి హేగ్ ఒప్పందంలో ఇండియా, అమెరికా రెండూ ఉన్నాయి. మనం 2003లో ఆమోదించాం. ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ కారా (CARA) నిరభ్యంతర పత్రం లేనిదే పాపను దేశం దాటించలేరు. మొదటి అడుగు మీ తమ్ముడిదే. అక్కడ గుర్తింపున్న దత్తత సంస్థవారు ఇంటికి వచ్చి విచారించి నివేదిక రాస్తారు. ఇక్కడ జిల్లా శిశు సంరక్షణ విభాగం పాప కుటుంబ నేపథ్యంపై మరో నివేదిక ఇస్తుంది. కన్నవారు లేరు కనుక శిశు సంక్షేమ సమితి అనుమతి కావాలి. పాపకు ఐదేళ్లు దాటాయి, ఆమె సమ్మతీ అడుగుతారు. చివరి ఉత్తర్వు 2022 సెప్టెంబరు నుంచి కోర్టుకు బదులు కలెక్టరు ఇస్తున్నారు.

ఈ వరుస తప్పకూడదు. అమెరికా వలస శాఖ తాత్కాలిక ఆమోదం రాకముందే ఇక్కడ దత్తత ముగిస్తే వీసా దగ్గర పెద్ద చిక్కు వస్తుంది. మేనమామ చట్టప్రకారం బంధువే కాబట్టి దత్తత తల్లిదండ్రుల వయసు పరిమితి మాత్రం మీకు అడ్డురాదు.

రాయగడ నుంచి: మా బంధువుల దత్తతలో ఎక్కువ కాలం తిన్నది పేర్ల సవరణే. తండ్రి ఇంటిపేరును జనన ధ్రువపత్రంలో ఒడియా పద్ధతిలో చివర వేశారు. బడి రికార్డులో మన పద్ధతిలో ముందుంది. ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే. ముగ్గురూ ఒకరేనని ఢిల్లీలో కూర్చున్నవారికి ఎలా తెలుస్తుంది? ముందు జనన, మరణ పత్రాలన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే సవరణకు ఇప్పుడే దరఖాస్తు చేయండి. ఒడియా పత్రాలకు ఇంగ్లీషు అనువాదం నోటరీ ముద్రతో సిద్ధం చేసుకోండి.

జయపురం వాసి: మా పిల్లవాడిని అమెరికాలో మా అక్క దత్తత తీసుకోవచ్చా? మేమిద్దరం బాగానే ఉన్నాం. చదువు కోసమే.

బరంపురం మాస్టారు: మన చట్టం బంధువుల దత్తతను ఒప్పుకుంటుంది బాబూ. కానీ కన్నవారిద్దరూ బతికి ఉంటే, బిడ్డను సరిగా పోషించలేని స్థితిలో ఉన్నారని తేలితేనే అమెరికా దత్తత వీసా ఇస్తుంది. పైగా దత్తత అంటే చట్టం దృష్టిలో మీరిక అతని తల్లిదండ్రులు కారు. చదువు కోసం అంత దూరం వెళ్లకండి, దయచేసి.

కోరాపుట్ అంగన్‌వాడీ: ఆసుపత్రిలో బిడ్డను ఇప్పిస్తామనే దళారులు మా వైపూ తిరుగుతున్నారు. బిడ్డను కొన్నా, అమ్మినా ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష జరిమానా. అలాంటిది చెవిన పడితే వెంటనే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేయండి.

పర్లాకిమిడి అక్క: ధన్యవాదాలు మాస్టారూ. వెళ్లాక పాప ఎలా ఉందో ఎవరూ చూడరని అమ్మ బెంగ.

రాయగడ నుంచి: చూస్తారు. రెండేళ్లపాటు నివేదికలు వస్తాయి: మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి. అమ్మగారికి చెప్పండి.

పర్లాకిమిడి అక్క: చెబుతాను. ఈ రాత్రే తమ్ముడితో మాట్లాడతాను. గజపతి జిల్లా శిశు సంక్షేమ సమితి ఏయే రోజుల్లో కూర్చుంటుందో తెలిసినవారు రాయండి. అమ్మనూ, పాపనూ వెంటబెట్టుకుని వెళ్లాలి.