బిల్బావోలో ఆంజ్ మాట తప్పాడా, నిలబెట్టుకున్నాడా?

స్పర్స్_మెహదీపట్నం
నిన్న నిద్ర పట్టక 2025 యూరోపా లీగ్ ఫైనల్ (బిల్బావోలో మన టోటెన్‌హామ్ స్పర్స్, మాంచెస్టర్ యునైటెడ్ మధ్య) మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చూశా. మనం గెలిచిన మ్యాచే, 17 ఏళ్ల తర్వాత ఎత్తిన కప్పే. అయినా చూస్తూ చూస్తూ ఒక అనుమానం: ఇది అప్పటి మన మేనేజర్ ఆంజ్ పోస్టెకోగ్లూ జట్టేనా?

2023 నవంబర్ 6, చెల్సీతో మ్యాచ్ గుర్తుందిగా. మనకి అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకి మొదలైంది. మొదటి సగంలో రొమేరోకి రెడ్ కార్డ్, రెండో సగంలో ఉడోగీకి. మిగిలింది తొమ్మిది మంది. ఇంకెవరైనా అయితే గోల్ ముందు గోడ కట్టేసి దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. వీళ్లు డిఫెన్స్‌ని తీసుకెళ్లి మధ్య గీత దగ్గర నిలబెట్టారు! వెనకాల సగం మైదానం ఖాళీ. అందులో గోల్‌కీపర్ వికారియో ఒక్కడే, బంతి వెనక పడినప్పుడల్లా బాక్సు దాటి పరిగెత్తుకొచ్చి తన్నేయడం. ఆ ఆటతోనే 75వ నిమిషం దాకా 1-1 లాక్కొచ్చారు. తర్వాత వాళ్ల జాక్సన్ మూడు కొట్టాడు, 1-4. అంత ఓడినా మన స్టాండ్స్ లేచి చప్పట్లు కొట్టాయి. ఐదుగురే మిగిలినా ఇలాగే ఆడతామని ఆంజ్ ఆ రాత్రే చెప్పాడు.

అదే మనిషి బిల్బావోలో ఏం చేశాడు? 42వ నిమిషంలో మన జాన్సన్ గోల్, అదీ వాళ్ల లూక్ షా ఒంటికి తగిలి దొర్లుకుంటూ పోయిన బంతి. ఇక రెండో సగమంతా బంతి యునైటెడ్ దగ్గరే, మనం గోల్ ముందే. 78వ నిమిషంలో ఆ జాన్సన్‌నే బయటికి పిలిచి డిఫెండర్ డాన్సోని దింపాడు. కప్పు కోసం సిద్ధాంతం అమ్ముకున్నట్టేనా? అమ్ముకుంటే తప్పా?

కప్పొచ్చిందా_లేదా
అమ్ముకున్నాడనే అనుకో అన్నా, మంచి రేటే పలికింది కదా. హ్యారీ కేన్ అన్ని గోల్స్ కొట్టి ఒక్క కప్పు లేకుండా మ్యూనిక్ వెళ్లిపోయాడు. సన్ పదేళ్లు ఆడాక ఆ రాత్రి కప్పు పట్టుకుని ఏడ్చాడు. అందంగా ఓడటం మనకేమన్నా కొత్తా?

నాకైతే ఆ మ్యాచ్‌లో గోల్ కన్నా మన డిఫెండర్ వాన్ డి వెన్ ఎక్కువ గుర్తు. ఫ్రీకిక్‌కి వికారియో బయటికొచ్చి బంతి జారవిడిచాడు. యునైటెడ్ హొయ్‌లుండ్ తలతో కొట్టాడు, గోల్ ఖాళీ. వాన్ డి వెన్ వెనక్కి ఎగిరి, గాల్లోనే కాలు పైకెత్తి, గీత మీద నుంచి బయటికి లాగేశాడు. మా రూమ్‌లో అరుపులకి పక్క ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టింది. ఆ అరుపు ముందు మీ మధ్య గీత ఎంత!

గన్నర్_గుంటూరు
ఆర్సెనల్ వాణ్ణి, మీ బద్ధ శత్రువుని, తిట్టుకోండి. కానీ సిద్ధాంతాల గురించి మీ స్పర్స్ వాళ్లు మాట్లాడుతుంటే 2024 మే 14 గుర్తొస్తోంది. మీరు మాంచెస్టర్ సిటీని ఆపితే టైటిల్ మాకొచ్చే అవకాశం. మీ స్టేడియంలో మీవాళ్లే సిటీ గెలవాలని కోరుకున్నారు! 86వ నిమిషంలో సన్ ఒంటరిగా సిటీ గోల్‌కీపర్ ఓర్టెగా ముందుకెళ్లాడు, వాడు కాలు అడ్డం పెట్టి ఆపాడు. మీ స్టాండ్స్‌లో చాలామంది ఊపిరి పీల్చుకుని ఉంటారు, ఒప్పుకోండి. సిటీ 2-0.

ఆ రాత్రి మనస్ఫూర్తిగా గెలుపు కోరుకున్నవాళ్లలో ముందున్నది మీ మేనేజరే. బెంచ్ వెనక కూర్చున్న ఒక అభిమానితో గొడవ కూడా పెట్టుకున్నాడు. క్లబ్ పునాదులే బలహీనంగా ఉన్నాయని మ్యాచ్ అయ్యాక అన్నాడు. ఆయన మొదటి నుంచీ గెలుపు మనిషే బాబూ. డిఫెన్స్‌ని మధ్య గీత దాకా తెచ్చే ఆ హై లైన్‌ని మతం చేసుకున్నది మీరు.

ఆఫ్‌సైడ్_ట్రాప్
ఎవరూ లీగ్ పట్టిక తియ్యట్లేదేం? 2024-25లో 17వ స్థానం, 22 ఓటములు. సిటీని వాళ్ల ఎతిహాద్‌లోనే 4-0తో కొట్టిన జట్టే ఇప్స్‌విచ్‌కీ లెస్టర్‌కీ ఇంట్లో ఓడింది, ఆ రెండూ ఆ ఏడు కింది డివిజన్‌కి పడిపోయిన జట్లు. గాయాలున్నాయి, నిజమే. కానీ రోజూ మధ్య గీత నుంచి వెనక్కి పరిగెత్తిస్తే తొడ కండరాలు ఎన్నాళ్లు ఆగుతాయి? బిల్బావోలో ఆడినట్టు లీగ్‌లో ఒక పది మ్యాచ్‌లు ఆడి ఉంటే కప్పొచ్చిన 16 రోజులకే ఉద్యోగం పోయేది కాదు. ఆయన సిద్ధాంతం వదిలాడని కాదు నా బాధ, అంత ఆలస్యంగా వదిలాడని.

ఎల్లండ్‌రోడ్_తెలుగోడు
లీడ్స్ నుంచి రాస్తున్నా. మీరంతా సిద్ధాంతం అంటున్నది ఆట తీరుని. డిఫెన్స్ ఎక్కడ నిలబడాలన్నది పద్ధతి, అవసరాన్ని బట్టి మార్చుకోవచ్చు. నీతి వేరు.

2019 ఏప్రిల్ 28, ఇక్కడే, మా లీడ్స్‌కి ఆస్టన్ విల్లాతో. వాళ్ల కోడ్జియా దెబ్బ తగిలి కింద పడున్నాడు, బంతి బయటికి పంపుతారనుకుని విల్లా వాళ్లు ఆగారు, మా క్లిక్ గోల్ కొట్టేశాడు. కొట్లాట. అప్పటి మా మేనేజర్ బియెల్సా గీత పక్క నుంచి ఒకటే అరుపు: వాళ్లకి గోల్ ఇచ్చెయ్యండి! అడోమా నడుచుకుంటూ వెళ్లి వేశాడు. మావాడే యాన్సన్ మనసొప్పక అడ్డం వెళ్లాడు, పాపం. 1-1. ఆ డ్రాతో షెఫీల్డ్ యునైటెడ్ నేరుగా ప్రీమియర్ లీగ్‌కి వెళ్లింది, మేం పైకెళ్లే చివరి చోటు కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో డెర్బీ చేతిలో పోయాం. ఇదీ సిద్ధాంతానికి కట్టిన ధర. మీ ఆంజ్ ఏం కట్టాడు?

కప్పొచ్చిందా_లేదా
అదే బియెల్సా అదే ఏడు జనవరిలో ఆ డెర్బీ ప్రాక్టీసు చూడ్డానికి కంచె బయటికి మనిషిని పంపలేదా గురూ? రెండు లక్షల పౌండ్ల జరిమానా పడిందిగా.

ఎల్లండ్‌రోడ్_తెలుగోడు
పంపాడు. ప్రత్యర్థులందరినీ అలాగే చూశానని ప్రెస్‌ని పిలిచి తనే చెప్పాడు, జరిమానా సొంత జేబులోంచి కట్టాడు. ఆయన దృష్టిలో అది మోసం కాదు, కష్టపడటం. నాకూ పూర్తిగా మింగుడుపడదు. దాచుకోలేదు, అంతవరకే నా వాదన.

పాత_సికింద్రాబాద్
భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్, మన రహీం సాబ్‌ని ఎవరూ తలుచుకోరేం? 1962 జకార్తా ఆసియా క్రీడలు. జర్నైల్ సింగ్ అంటే డిఫెన్స్‌లో రాయి. తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ ఆయన్ని సెమీస్‌లో, ఫైనల్లో ఫార్వర్డ్‌గా దింపాడు. దక్షిణ కొరియా మీద 2-1, అందులో ఒకటి జర్నైల్‌దే. బంగారు పతకం. దాన్ని సిద్ధాంతం అమ్ముకోవడం అని మా వీధిలో ఎవరూ అనగా నేను వినలేదు.

స్పర్స్_మెహదీపట్నం
సార్, ఆయన డిఫెండర్‌ని ముందుకి పంపాడు, మావాడు గోల్ కొట్టినవాణ్ణి తీసేసి డిఫెండర్‌ని దింపాడు. తేడా అక్కడే ఉంది 😄

సరే, తెలుగోడన్న చెప్పిన పద్ధతి-నీతి తేడా ఒప్పుకుంటున్నా. కానీ ఒకటి. రెండో ఏడు నేనెప్పుడూ ఏదో ఒకటి గెలుస్తానని ఆంజ్ ముందే అన్నాడు, అందరూ నవ్వారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి చెల్సీ రాత్రి అన్న మాట వదులుకున్నాడు. రెండూ ఆయన మాటలే. అందుకే ఏది పట్టుకుని మెచ్చుకోవాలో తేలట్లేదు నాకు.

ఆఫ్‌సైడ్_ట్రాప్
స్పర్స్ తర్వాత నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌లో 39 రోజులున్నాడు, ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపు లేదు. అక్కడ ఏ మాట మీదున్నాడో అదీ చెప్పు.

స్పర్స్_మెహదీపట్నం
అది వేరే థ్రెడ్ పెట్టన్నా, పొద్దున్నే ఆఫీసుంది. చెల్సీ మ్యాచ్ సగం చూశా, వికారియో ఇంకా పరిగెడుతున్నాడు.