ఇంటర్వ్యూకు చీరా, చుడీదారా, చొక్కా ప్యాంటా?

పల్నాటి పిల్ల:
అందరికీ నమస్కారం. వచ్చే గురువారం హైదరాబాదులో, గచ్చిబౌలి వైపు, ఒక ఆడిట్ సంస్థలో నాకు ఇంటర్వ్యూ ఉంది. ఎం.కామ్. నిరుడు పూర్తయింది. ఇదే మొదటి ఇంటర్వ్యూ. చదువు సంగతి దేవుడెరుగు, ఇంట్లో నాలుగు రోజులుగా బట్టల మీదే గొడవ. శిక్షణ కేంద్రంలో సారు చొక్కా, ప్యాంటు, పైన నల్ల బ్లేజరు తప్పనిసరి అన్నారు. చుడీదార్ వేసుకుంటే పల్లెటూరి మనిషి అనుకుంటారట. (పల్లెటూరి మనిషినే కదా!) అమ్మేమో చీర కట్టుకోమంటుంది. నేను బుద్ధెరిగాక ప్యాంటు వేసుకున్నది లేదు, చీర కడితే అడుగు ముందుకు పడదు. నా దగ్గరున్నవాటిలో మంచిది నిజాం అంచున్న నీలం మంగళగిరి నూలు చుడీదార్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. అమీర్‌పేటలో బ్లేజర్లు రోజు అద్దెకు ఇస్తారట, నిజమేనా?

పాత మేనేజరు:
అమ్మా, మీ సారు మాటే వినండి. ఇరవై రెండేళ్ళు సిబ్బంది విభాగంలో పనిచేసి, వందల మందిని ఎదుట కూర్చోబెట్టుకుని ప్రశ్నలు అడిగినవాణ్ణి. ఎవరు ఒప్పుకున్నా మానినా, మనిషి తలుపు తీసుకుని వచ్చి కుర్చీలో కూర్చునేలోపే మా మనసులో సగం అభిప్రాయం ఏర్పడిపోతుంది. మిగతా అరగంటా దాన్ని సమర్థించుకునే ప్రశ్నలే. ఇది మంచిదని నేననడం లేదు, ఉన్నది చెబుతున్నాను. ఆడిట్ సంస్థ రేపు మిమ్మల్ని వేరే కంపెనీలకు పంపి లెక్కలు చూడమంటుంది. అక్కడివాళ్ళు మీ మాట నమ్మాలి. ఏ ఎండకు ఆ గొడుగు పట్టాలి. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మడమ ఎత్తు లేని నల్ల బూట్లు, వెనక్కి బిగించిన ముడి. జడ వద్దు. గాజులు అసలే వద్దు, బల్ల మీద చెయ్యి ఆనించినప్పుడల్లా గలగలమంటాయి.

గోదావరి గట్టు:
జడ ఏం పాపం చేసిందండీ? 2014 సెప్టెంబరులో మంగళయాన్ అంగారకుడి కక్ష్యలోకి చేరిన రోజు బెంగళూరులో ఇస్రో మహిళలు చీరల్లో, తలలో పూలతో సంబరపడుతున్న ఫోటో ప్రపంచమంతా చూసింది. రాకెట్లు ఎగరేసేవాళ్ళకు అడ్డం రాని జడ, జమాఖర్చులు రాసేవాళ్ళకు వచ్చిందా? గంజి పెట్టిన నూలుచీరకున్న హుందాతనం అద్దె కోటుకు వస్తుందా? అమ్మాయీ, మీ అమ్మగారి మాట వినండి.

సాయంత్రం కాఫీ:
గట్టు గారూ, ఆ ఫోటో నాకూ ఇష్టమే. కానీ అందులో ఉన్నవాళ్ళు పరిపాలనా విభాగం సిబ్బంది అని తరువాత ఇస్రోనే చెప్పింది. ఆ ప్రయోగానికి పనిచేసిన మహిళా శాస్త్రవేత్తలు చాలామందే ఉన్నారు గానీ, ఆ ఫోటోలో కాదు. చీర చూడగానే మనకు కావలసిన కథ మనమే అల్లేసుకున్నాం. పాత మేనేజరు గారు కోటు చూసి అల్లుకునే కథ కూడా అలాంటిదే.

నేను లెక్కల రంగంలోనే పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను, ఇప్పుడు నేనే మనుషుల్ని తీసుకుంటున్నాను. పల్నాటి పిల్లా, ఆ నీలం చుడీదారే వేసుకో. కాకపోతే ముందురోజు ఇంట్లో ఒక గంట అదే వేసుకుని కూర్చో. నీళ్ళు తాగు, ఏదైనా రాయి, మెట్లెక్కి దిగు. అద్దం ముందు వంగి చూడు, మెడ ఎంత దిగుతుందో తెలుస్తుంది. చున్నీని రెండు భుజాల దగ్గరా పిన్నీసుతో పెట్టెయ్, లేకపోతే సమాధానం చెబుతూ దాన్నే సర్దుకుంటూ ఉంటావు. కొత్తదైతే ముందే ఉప్పునీళ్ళలో ఒకసారి ఉతుకు. ఆ నీలం చెమటకు మెడకంతా అంటుకుంటుంది, నాకు అయింది. చీర చెడ్డదని కాదు. రాయదుర్గం దాకా మెట్రోలో నిలబడి, అక్కడ షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని వెళ్ళాక కుచ్చిళ్ళు ఏ స్థితిలో ఉంటాయో రోజూ కట్టేవాళ్ళకే తెలుసు. రోజూ కట్టేవాళ్ళు నిశ్చింతగా కట్టుకుని వెళ్ళవచ్చు.

డల్లాస్ చలి:
బ్లేజరు గురించి నా అవమానం ఒకటి చెప్పనివ్వండి. ఇక్కడ చదువు చివరి సెమిస్టరులో ఉద్యోగ మేళా కోసం జీవితంలో మొదటిసారి కోటు కొన్నాను. దాని వెనక చీలిక దగ్గర దారంతో ఇంటూ గుర్తులా ఒక కుట్టు ఉంటుంది. అంగడిలో ఆకారం చెడకుండా వేసే తాత్కాలిక కుట్టు అది, ఇంటికి తెచ్చాక కత్తిరించాలి. మా తెనాలిలో ఎవరు చెప్పారు? రోజంతా ఆ ఇంటూ మార్కుతోనే తిరిగాను. జేబులు కూడా కుట్టేసి ఉంటే, ఆడవాళ్ళ కోటుకు జేబులు ఉండవు కాబోలు అనుకున్నాను. సాయంత్రం ఒక నల్లజాతి పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, తన సంచిలోని చిన్న కత్తెరతో పుట్ పుట్‌మని రెండు పోగులూ తెంచేసింది. అప్పటికే ఎంతమంది చూశారో!

ఈ కోటు నియమం ఎక్కడినుంచి వచ్చిందో అక్కడి కథ కూడా వినండి. 1982లో అమెరికాలో ప్రైస్ వాటర్‌హౌస్ అనే సంస్థలో (అదీ ఆడిట్ సంస్థే) భాగస్వాములుగా ప్రతిపాదించిన 88 మందిలో ఆన్ హాప్కిన్స్ ఒక్కతే స్త్రీ. పని తెచ్చిపెట్టడంలో ఆమెకు వంక పెట్టలేకపోయారు. అయినా ఆపేశారు. నడక, మాట, దుస్తులు ఇంకాస్త ఆడతనంగా ఉండాలని, ముఖానికి రంగు, ఒంటికి నగలు పెట్టుకోవాలని ఆమెకు సలహా ఇచ్చారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1989లో, ఇలాంటి మూస భావనతో నిర్ణయం తీసుకోవడం వివక్షేనని కోర్టు తేల్చింది. అక్కడ ఆడదానిలా లేవన్నారు. ఇక్కడ మన పిల్లకు, మగవాడి కోటు తొడుక్కుంటే తప్ప ఉద్యోగిలా ఉండవంటున్నారు.

వేణునాదం:
మగవాళ్ళకు మాత్రం స్వేచ్ఛ ఉందా? మే నెలలో విజయవాడలో టై కట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్ళాను నేను. పంచె కట్టుకుని వెళ్తే ఎవరైనా రానిస్తారా? మీకు మూడు నాలుగు రకాలు ఉన్నాయి, మాకు ఒకటే. ఇందులో ఆడవాళ్ళకే ఏదో అన్యాయం జరుగుతున్నట్టు మాట్లాడటం బాగాలేదు.

సాయంత్రం కాఫీ:
వేణునాదం గారూ, టై కష్టం కష్టమే. కానీ ఆ ఒక్కటే ఉండటంలోనే మీ సుఖం ఉంది. తెల్ల చొక్కా వేసుకున్నాక మీ గురించి ఇంకెవరూ ఏమీ ఊహించరు. మాకు నాలుగు రకాలున్నాయి, నాలుగింటికీ నాలుగు వ్యాఖ్యలున్నాయి. చీరైతే పాతకాలం, ప్యాంటైతే పొగరు, చుడీదారైతే పల్లెటూరు, కాస్త మంచి రంగు వేస్తే పేరంటం. లండన్‌లో 2015లో నికోలా థోర్ప్ అనే అమ్మాయిని రిసెప్షన్ పనికి వస్తే, మడమ ఎత్తు చెప్పులు వేసుకోలేదని జీతం లేకుండా ఇంటికి పంపారు. మడమ ఎత్తు లేదని మగవాణ్ణి ఎవరైనా పంపారా? ఆమె పెట్టిన వినతిపత్రం మీద లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశారు.

ఇక అసలు సంగతి. బట్టలంటే బట్టలే అనుకుంటున్నారు మీరంతా. నాకు పెళ్ళయిన ఏడాదికి ఉద్యోగం మారాల్సి వచ్చింది. ఇంటర్వ్యూ రోజు పొద్దున్న నల్లపూసలు చొక్కా లోపలికి తోసుకున్నాను. మెట్టెలు కనిపించకుండా బూట్లు వేసుకున్నాను. పాపిట్లో కుంకుమ తడిగుడ్డతో తుడుచుకుంటుంటే మా అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఏమీ అనలేదు, లోపలికి వెళ్ళి వాళ్ళ అబ్బాయితో మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు. ఎందుకు తుడుచుకున్నానో మగవాళ్ళకు చెప్పాలా? కొత్తగా పెళ్ళయిందని తెలిస్తే, ఎదుటివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేది నా అర్హతలను కాదు, ప్రసూతి సెలవును. ఇప్పుడు చట్టంలో అది 26 వారాలు. మంచి చట్టమే, కానీ దాని భయం మా మెడలో ఉన్న దండ చూసే పుడుతుంది.

చార్మినార్ చాయ్:
అక్క చెప్పింది చదివాక నేనూ రాయాలనిపించింది. మీరు నల్లపూసలు లోపలికి తోసుకోగలిగారు. తలకు కట్టుకున్న స్కార్ఫును నేను ఎక్కడ తోసుకోవాలి? రెండు చోట్ల ఫోనులో అన్నీ కుదిరాయి, ఎదురుగా కూర్చున్నాక “మళ్ళీ కబురు చేస్తాం” అన్నారు. కారణం అదేనని నేను నిరూపించలేను. అదే కదా కష్టం. అమెరికాలో సమంతా ఎలాఫ్ అనే అమ్మాయి 17 ఏళ్ళప్పుడు అబర్‌క్రాంబీ దుకాణంలో పనికి నల్ల స్కార్ఫుతో ఇంటర్వ్యూకు వెళ్ళింది. ఉద్యోగం రాలేదు. సంస్థ వేషధారణ నియమం అడ్డమట. 2015లో సుప్రీంకోర్టు 8–1 తీర్పుతో ఆమె పక్షాన నిలిచింది. 2008లో అడిగిన ఉద్యోగానికి 2015లో న్యాయం!

పల్నాటి పిల్లకు నా మాట: నీలం చుడీదార్ బాగుంటుంది. అద్దె కోటు భుజాలు నీకు సరిపోవు, వేలాడుతాయి.

పాత మేనేజరు:
అందరికీ దండం. కోర్టుల సంగతులు బాగున్నాయి, నేనూ తెలుసుకున్నాను. కానీ ఒక్క మాట. ఆ అమ్మాయికి ఇంటర్వ్యూ గురువారం. మీలో చాలామందికి ఉద్యోగాలున్నాయి. జీతం వచ్చే కుర్చీలో కూర్చుని, “నీకు నచ్చింది వేసుకో, లోకమే మారుతుంది” అనడం తేలిక. లోకం గురువారం లోపల మారదు. ఆ పిల్లను మీ ఉద్యమానికి జెండా చేయకండి. ముందు లోపలికి వెళ్ళనివ్వండి, వెళ్ళాక ఆమే నియమాలు మారుస్తుంది.

సాయంత్రం కాఫీ:
ఈ మాటకు మాత్రం నా దగ్గర సరైన జవాబు లేదు. నేనే నల్లపూసలు దాచుకుని వెళ్ళినదాన్ని. కానీ లోపలికి వెళ్ళాక మీరు మార్చిన నియమాలు ఏమిటో చెప్పండి మేనేజరు గారూ, ఇరవై రెండేళ్ళలో.

బ్యాంకు తాతయ్య:
ఆయన్ను అడిగారు గానీ, జవాబు నా దగ్గరా ఉంది, అది మంచిది కాదు. నేను ఒక బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. నియామకాల బోర్డులో చాలాసార్లు కూర్చున్నాను. మార్కుల కాగితంలో దుస్తులకంటూ గడి ఉండేది కాదు. “వ్యక్తిత్వం” అని ఒకటి ఉండేది. మనసులో ఉన్నదంతా అందులో పోసేవాళ్ళం. ఒకరోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి చేతుల్లేని జాకెట్టు మీద చక్కని చేనేత చీరలో వచ్చింది. రుణాల వసూళ్ళ మీద నేనడిగిన ప్రశ్నకు ఆ రోజు వచ్చినవాళ్ళందరికంటే మంచి సమాధానం చెప్పింది. ఆమె బయటికి వెళ్ళగానే నా పక్కాయన, “ఈవిడ పల్లెల్లో శాఖలో ఏం పనిచేస్తుంది” అని నవ్వాడు. బోర్డులో ఉన్న ఒక్క మహిళా అధికారీ నవ్వింది. నేను పెన్సిలుతో వేసుకున్న ఎనిమిదిని ఆరు చేశాను. ఎవరూ చెయ్యమనలేదు. మిగతావాళ్ళ మార్కులకు దగ్గరగా ఉండాలని చేశాను, అంతే. ఆమెకు ఉద్యోగం రాలేదు. ఆ రెండు మార్కులతో వచ్చేదో లేదో నాకు గుర్తులేదని చెప్పుకుంటూ ఉంటాను. గుర్తుంది.

వేణునాదం:
తాతయ్య గారూ, ఇలా రాయడానికి ధైర్యం కావాలి. టై మాట వెనక్కి తీసుకోను గానీ, కాస్త తగ్గిస్తాను.

నల్లకోటు:
ఎవరూ అడగకపోయినా చట్టం మాట ఒకటి. 1976 నాటి సమాన వేతన చట్టం 5వ సెక్షన్ నియామకాల్లో కూడా స్త్రీ అన్న కారణంతో తేడా చూపకూడదంది. దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్‌లో 3వ సెక్షనూ అదే అంటుంది. అయితే “కోటు వేసుకుని రండి” అన్నంత మాత్రాన అది దీని కిందికి వస్తుందని చెప్పడం కష్టం. వేషం గురించి మన దగ్గర నియమాలు ఎక్కువగా ఉద్యోగంలో చేరాకే వస్తాయి. 2019లో తమిళనాడు ప్రభుత్వం తన ఉద్యోగినులకు చీర, లేదా చున్నీతో చుడీదార్ అని ఉత్తర్వు ఇచ్చింది. 2021లో కేరళ, కళాశాల అధ్యాపకురాళ్ళను చీరే కట్టుకోమని బలవంతపెట్టకూడదంది. ఇంటర్వ్యూ గదికి మాత్రం రాసిపెట్టిన నియమం ఉండదు, ఊహలే ఉంటాయి. కాబట్టి పిలుపు పంపిన మెయిలుకు జవాబిచ్చి, దుస్తుల విషయంలో నియమం ఏమైనా ఉందా అని మర్యాదగా అడిగితే సరి. తప్పేమీ లేదు, చాలామంది అడుగుతారు.

గోదావరి గట్టు:
ఇంత సులువైన మాట ఇన్ని జవాబుల తరువాత వచ్చింది!

పల్నాటి పిల్ల:
అందరికీ ధన్యవాదాలు. ఇంటర్వ్యూ అయింది, బస్సులో కూర్చుని రాస్తున్నాను. నల్లకోటు గారు చెప్పినట్టే మెయిలు పెట్టాను. “ప్రత్యేక నియమం లేదు, శుభ్రంగా ఉంటే చాలు” అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. అది సారుకు చూపిస్తే, “వాళ్ళు అలాగే అంటారు” అన్నారు.

నీలం చుడీదారే వేసుకున్నాను. ఉప్పునీళ్ళలో ఉతికాను, బకెట్టంతా నీలం. చున్నీకి పిన్నీసులు. జడ వేసుకున్నాను, గాజులు తీసేశాను (మేనేజరు గారికి సగం, గట్టు గారికి సగం). బయట వేచి ఉన్నవాళ్ళలో ముగ్గురు అమ్మాయిలు నల్ల బ్లేజర్లలో ఉన్నారు. ఒకమ్మాయి కోటు వెనక చూస్తే తెల్లదారంతో ఇంటూ మార్కు! డల్లాస్ అక్కా, మీరే గుర్తొచ్చారు. ఆమెను చేతులు కడుక్కునే గదిలోకి తీసుకెళ్ళి పిన్నీసుతో కుట్టు లాగేశాను. కావలిది అట ఆమెది. ఆ తరువాత నా చున్నీ ఒక వైపే నిలబడింది.

లోపల ముగ్గురున్నారు. ఒకావిడ చీర, ఒకాయన చొక్కా, ఇంకొకాయన జీన్స్ ప్యాంటు. ఎవరూ నా బట్టల వంక చూసినట్టు లేరు, చూస్తే నాకు తెలియలేదు. చివర్లో చీరలో ఉన్నావిడే, “పెళ్ళి ఆలోచన ఏమైనా ఉందా” అని అడిగారు. ఇప్పట్లో లేదన్నాను. రాసుకున్నారు. రెండో విడత సోమవారం వీడియోలో అట.

సాయంత్రం కాఫీ:
వీడియోకు సన్నగీతల బట్ట వద్దు, కెమెరాలో అలల్లా కదులుతుంది. వెనక కిటికీ ఉండకుండా చూసుకో. ఆ పెళ్ళి ప్రశ్న గురించి విడిగా మాట్లాడుకుందాం.

పాత మేనేజరు:
అదంతా తరువాత. లెక్కల్లో ఏమడిగారు?

పల్నాటి పిల్ల:
బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక వెయ్యమన్నారు సార్. బ్యాంకు ఖర్చులు వెయ్యడం మరిచిపోయాను, తేడా కుదరలేదు. నేనే కనిపెట్టి దిద్దాను గానీ, ఆలస్యమైంది.

పాత మేనేజరు:
దిద్దావు కదా. సోమవారానికి నగదు ప్రవాహ పట్టిక చూసుకో. ఆదివారం పొద్దున్న నేను ఖాళీగానే ఉంటాను, లెక్కలు పంపిస్తాను.