అప్‌డేట్: 15 ఎం.ఎం. ఫైండర్‌తో పైభాగం తెగిపోవడం
లైకా ఎం6 ఫిల్మ్ కెమెరా మీద ఫోక్ట్‌లెండర్ 15 ఎం.ఎం. వైడ్ లెన్స్‌కి విడి ఫైండర్ (ఫ్రేమ్ చూసుకోవడానికి కెమెరా పైన బిగించేది) పెడితే దగ్గరి ఫొటోల్లో తలలు తెగుతున్నాయని అడిగాను కదా. తప్పు పారలాక్స్‌దే, అంటే ఫైండర్, లెన్స్ వేర్వేరు చోట్ల నుంచి చూడటం వల్ల వచ్చే తేడాదే. ఫైండర్ లెన్స్ కన్నా సుమారు 7 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. అర మీటరు దూరంలో అడ్డంగా పట్టిన ఫ్రేమ్ ఎత్తు 80 సెం.మీ.లే, అంటే దాదాపు పదో వంతు తేడా. 3 మీటర్ల దగ్గర పట్టించుకోనక్కర్లేదు.

మీలో కొందరన్నట్టు కెమెరాని పైకి వంచితే నిలువు గీతలు లోపలికి వాలిపోయాయి. అందుకే ఫ్రేమ్ చూసుకున్నాక వంచకుండా, కెమెరానే నిటారుగా నాలుగు వేళ్ల మందం పైకి లేపి షట్టర్ నొక్కాలి. ఇది పనిచేసింది.

ఫైండర్‌లో ఫోకస్ తెలియదు. అపర్చర్ ఎఫ్8లో, ఫోకస్ 1 మీటరు దగ్గర ఉంచితే అర మీటరు నుంచి అనంతం దాకా స్పష్టంగా వస్తుంది.

ఫైండర్ పాదం షూలో (కెమెరా పైన దాన్ని దూర్చే గాడిలో) కదులుతుంటే హొరైజన్ ఒరుగుతుంది. పలచని టేప్ ముక్క చాలు.