రెజిన్ లాకెట్లలో అడవి పూలు గోధుమ రంగుకి తిరుగుతున్నాయి, ఏం చేయాలి?

గడ్డిపువ్వు:
దారి పక్కన, చేల గట్ల మీద దొరికే పూలూ ఆకులూ ఏరుకొచ్చి, హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపితే గాజులా గట్టిపడే ఎపాక్సీ రెజిన్‌లో పెట్టి లాకెట్లు, చెవి దుద్దులు చేస్తున్నానండి. అచ్చులోంచి తీసిన రోజు అద్దంలా ఉంటాయి. కొన్ని వారాలయ్యేసరికి గడ్డి చామంతి రేకలు గోధుమ రంగుకి తిరుగుతున్నాయి, అత్తిపత్తి పువ్వు గులాబీ రంగైతే పూర్తిగా పోయింది, కొన్నిట్లో పువ్వు చుట్టూ పొగ పట్టినట్టు మసక. ఇవి చాలవన్నట్టు ఒక బ్యాచ్ మొత్తం జిగురుగానే ఉండిపోయింది, వేలు పెడితే ముద్ర పడుతోంది. పూలని పుస్తకంలో రెండు మూడు రోజులు నొక్కి ఉంచాకే వాడుతున్నా. అతినీలలోహిత దీపం వెలుగుకి గట్టిపడే యూవీ రెజిన్‌కి మారితే ఈ గొడవ వదులుతుందా?

ఆకుల పెట్టె:
రెండు మూడు రోజులు అస్సలు చాలవు. పైకి ఎండినట్టే ఉంటుంది కానీ తొడిమ మొదట్లో, పువ్వు మధ్య దిమ్మలో తడి అలాగే ఉంటుంది, ఆ తడే మీరు చెప్పిన మసకకీ గోధుమ రంగుకీ కారణం. రెజిన్ పువ్వుని కాపాడుతుందని చాలామంది అనుకుంటారు, నిజానికి అది పువ్వు ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలో మూతపెడుతుందంతే. పుస్తకంలో నొక్కితే రెండు నుంచి నాలుగు వారాలు ఉంచండి, మొదటి రోజుల్లో కాగితం మారుస్తూ ఉండండి. పువ్వు ఆకారం చెడకూడదంటే తడి పీల్చుకునే, సన్న రవ్వలా ఉండే సిలికా జెల్‌లో పూడ్చి, గాలి చొరబడని డబ్బాలో పెడితే చాలా పూలు వారం లోపే ఎండుతాయి. రేక విరిస్తే కాగితంలా చిటుక్కుమనాలి, వంగిందంటే ఇంకా అవ్వలేదన్నమాట.

రంగు సంగతి వేరే. పసుపు బాగా నిలుస్తుంది, ఎరుపు నల్లబడుతుంది, ఆకుపచ్చ ఎండ తగిలితే మెల్లగా పాలిపోతుంది. అత్తిపత్తి గులాబీ మీద మాత్రం ఆశ వదులుకోండి. అది పూసలాగా ముద్దుగా ఉంటుంది, నిజమే, కానీ ఆ రంగు ఉండేది కాదు.

బుడగల శత్రువు:
జిగురుకీ పూలకీ చాలావరకు సంబంధం లేదు, మీరు కలపడంలోనే తేడా ఉంది. సీసా మీద నిష్పత్తి బరువుకా, కొలతకా (అంటే పోసే పరిమాణానికా) అన్నది చూశారా? రెజిన్, హార్డెనర్ సాంద్రతలు ఒకటి కావు, కాబట్టి కొలత ప్రకారం రెండుకి ఒకటి అని రాసి ఉన్నదాన్ని త్రాసు మీద తూస్తే లెక్క తప్పుతుంది. హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందనేది కూడా ఉత్త మాటే, ఎక్కువైనది కలవకుండా మెత్తగా మిగిలిపోతుంది. గిన్నె అంచులూ అడుగూ గీకుతూ మూడు నిమిషాలు నిదానంగా కలిపి, ఇంకో గిన్నెలోకి వంచి మళ్ళీ కలపండి. గది చల్లగా ఉన్నా ఆలస్యమవుతుంది. పైపొర మాత్రమే జిగురైతే దాని మీద సరిగ్గా కలిపిన పల్చటి పొర పోస్తే సరిపోతుంది, లోపల కూడా మెత్తగా ఉంటే పారేయడమే.

యూవీ రెజిన్ పల్చటి వాటికి బాగుంటుంది, నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ వెలుగు తగిలిన చోటే గట్టిపడుతుంది. దళసరి ఆకు పెడితే దాని నీడలో ఉన్నది ద్రవంగానే ఉండిపోతుంది. పల్చగా పోసి, రెండు వైపులా దీపం కింద పెట్టాలి. తడి సమస్యని అది కూడా తీర్చదు.

పక్షి కన్ను:
చేతుల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతా. గట్టిపడని రెజిన్ చర్మానికి తగులుతూ ఉంటే ఎలర్జీ రావచ్చు, ఒకసారి వచ్చిందంటే తర్వాత ఏ కొంచెం తగిలినా దద్దుర్లే, యూవీది కూడా మినహాయింపు కాదు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, కిటికీలు తెరవండి, అంటితే స్పిరిట్‌తోనో థిన్నర్‌తోనో తుడవకుండా సబ్బుతో కడుక్కోండి. శాండ్‌పేపర్ నీళ్ళతో తడిపి రుద్దితే దుమ్ము పెద్దగా లేవదు, అయినా మాస్క్ ఉండాల్సిందే.

ఏరుకొచ్చేటప్పుడు కూడా చూసుకోండి. వయ్యారిభామ తెల్ల పూలు లాకెట్‌కి అందంగా కనిపిస్తాయి, ముట్టుకుంటే చాలామందికి దురద, గన్నేరులో అన్ని భాగాలూ విషమే. రాళ్ళ మీద పొరలా పెరిగే, నాచులా కనిపించే లైకెన్ ఏడాదికి మహా అయితే కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది, గీకేస్తే మళ్ళీ రావడానికి ఏళ్ళు పడుతుంది. అడవి ఆర్కిడ్‌ల జోలికి అసలు పోవద్దు, వాటి అంతర్జాతీయ వ్యాపారం మీద 1975 నుంచి అమల్లో ఉన్న సైటిస్ ఒప్పందం ఆంక్షలున్నాయి. ఎంత కోసినా తరగని కలుపు మొక్కలు బోలెడున్నాయి కదా, అవి చాలు.

గడ్డిపువ్వు:
అందరికీ థాంక్స్. త్రాసే వాడుతున్నా, సీసా చూస్తే కొలత అని ఉంది! ఇంకో డౌట్. తెల్ల రేకలు రెజిన్ తగలగానే గాజులా అయిపోయి కనపడకుండా పోతున్నాయి. గడ్డి చామంతి గింజల కుచ్చు పెడితే ఒకటే బుడగలు.

బుడగల శత్రువు:
తెల్ల రేకల్లో తెలుపు చాలావరకు లోపలి గాలి వల్ల కనిపించేదే, ఆ ఖాళీల్లోకి రెజిన్ దిగితే తెలుపు పోతుంది. ముందే తెల్ల జిగురు నీళ్ళలో పల్చగా కలిపి రెండు వైపులా పూసి, పూర్తిగా ఆరాక వాడండి. కుచ్చుకైతే రెజిన్ సీసాని కాసేపు గోరువెచ్చటి నీళ్ళలో ఉంచి పల్చబడ్డాక కలపండి, అచ్చులో కొంచెం పోసి, కుచ్చుని దాంట్లో మెల్లగా ముంచి, అది గట్టిపడ్డాక మిగతాది పొరగా పోయండి. వేడి చేస్తే గట్టిపడటం కూడా తొందరవుతుంది, కాబట్టి కొంచెం కొంచెమే కలుపుకోండి.