బళ్లు తిరిగే లైను పక్కన నెర్రెపడిన గట్టు: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

సీతాఫల్‌మండి ఇంజినీరు:
నమస్కారం. సికింద్రాబాద్ వైపు పట్టాల పక్కన తొమ్మిది మీటర్ల ఎత్తున్న కటింగ్ (పట్టాల కోసం నేలను కోసిన చోట నిలిచిన గట్టు) పని నాకు అప్పగించారు. పై నాలుగు మీటర్లు ఎర్ర మొరం, కింద పగుళ్లు బారిన గ్రానైటు. అంచు వెనకే ఇళ్లు. పోయిన వానాకాలంలో అంచుకు మీటరున్నర వెనక నెర్రె పడింది, బొటనవేలు దూరేంత. గట్టంతా ఇనుప వల పరిచి సిమెంటు చల్లేస్తే చాలని పైవాళ్లు అంటున్నారు. బ్లాకు, అంటే బళ్లు ఆపి పని చేసుకోనిచ్చే సమయం, రాత్రి రెండు గంటలే దొరుకుతుంది. నాకు ధైర్యం చాలడం లేదు.

మట్టి పరీక్షల మనిషి:
వల, సిమెంటు పూత రాళ్లు రాలకుండా చూస్తాయి గానీ జారే మట్టిని పట్టుకోలేవు. మొరంలో పది, పదిహేను డిగ్రీలు కిందికి వాలేలా రంధ్రాలు వేసి, ఇనుప కడ్డీలు దింపి, సిమెంటు పాలు నింపాలి. కడ్డీ కొస నెర్రె లోతును దాటి గట్టి నేలలోకి వెళ్లాలి. రంధ్రాలు గాలితో వేయించండి, నీళ్లతో వద్దు. పూతలో నీరు కారే గొట్టాలు పెట్టకపోతే వెనక చేరిన నీరే పూతను తోసేస్తుంది.

లాలాగూడ పెద్దాయన:
అమ్మా, కడ్డీల లెక్కకు ముందు అంచు మీదికెక్కి నీళ్లు ఎటు పోతున్నాయో చూడండి. పట్టాల మీద ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను, ఆరేళ్లు కొత్తవలస–కిరండూల్ మార్గంలో. అనంతగిరి కొండల్లో వాన పట్టిందంటే మాకు నిద్ర ఉండేది కాదు. ఒక తెల్లవారుజామున కీమన్ (పట్టాల వెంట నడిచి తనిఖీ చేసే మనిషి) పరుగెత్తుకొచ్చి, "పట్టా మీద రాయేమీ లేదు సార్, కాలువలో నీళ్లు మాత్రం ఎర్రగా వస్తున్నాయి" అన్నాడు. గూడ్సును వెనక స్టేషనులోనే ఆపించాను. గంట తిరక్కుండా గట్టు జారి పట్టాలను కప్పేసింది. ఆ కీమన్‌కు నేను ఇప్పటికీ దండం పెడతాను. కాలువ నీటి రంగు చూడమని మీ మనుషులకు నేర్పండి.

నెర్రెను బంకమట్టితో పూడ్చి టార్పాలిన్ కప్పండి. దానికి అటూ ఇటూ రెండు మేకులు దిగ్గొట్టి రోజూ టేపుతో కొలిచి రాసుకోండి. పైన కందకం తవ్వితే అడుగున సిమెంటు వేయించండి, లేకపోతే ఆ కందకమే గట్టుకు నీళ్లు పోస్తుంది. కింది కాలువ వెడల్పు చేద్దామని గట్టు పాదం తవ్వుతామంటే ససేమిరా ఒప్పుకోవద్దు. పని పైనుంచి కిందికే రావాలి. పైన 25,000 వోల్టుల తీగ ఉంది, పొడవైన కడ్డీలు నిలబెట్టి మోయనివ్వకండి. బ్లాకు లేని వేళ పట్టాల మీదికి రాయి దొర్లే పని ఏదీ వద్దు.

రైలు ప్రయాణికుడు:
కొంకణ్ మార్గంలో 2003లో వైభవ్‌వాడి దగ్గర, 2004లో కరంజాడి దగ్గర జరిగిన ప్రమాదాలు రెండూ జూన్ వానల్లోనే. అక్కడ ఇప్పటికీ వానాకాలానికి వేరే టైంటేబుల్, బళ్లు నెమ్మదిగా నడుపుతారు. మీరూ పని పూర్తయ్యేదాకా కాషన్ ఆర్డర్, అంటే ఆ చోట బళ్లు నెమ్మదిగా నడపాలన్న ఉత్తర్వు, అడగండి.

సీతాఫల్‌మండి ఇంజినీరు:
పెద్దాయనా, ఈ రోజు పైకెక్కాను. మూడిళ్ల వాడుక నీటి గొట్టం సరిగ్గా నెర్రెకు ఎగువనే పగిలి ఉంది, చుట్టూ మోకాలెత్తు గడ్డి. ఎండాకాలంలో పచ్చగా ఉన్నందుకు ముందే అనుమానించాల్సింది. మేకులు కొట్టాను: తొలి కొలత 412 మిల్లీమీటర్లు.

లాలాగూడ పెద్దాయన:
గొట్టం రేపే మార్పించండి. కొలత రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి తీయాలి. ఒక్క రోజులో రెండు మిల్లీమీటర్లు పెరిగినా స్టేషను మాస్టరుకు వెంటనే ఫోను చేయండి.