జులైలో అండమాన్: అమ్మానాన్నలను, చిన్నపిల్లను తీసుకుని వెళ్లొచ్చా?

గాజువాక గోపి:
అందరికీ నమస్తే. జులై రెండో వారంలో ఆరు రోజులు అండమాన్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప, నాన్న (68, బీపీ, షుగర్), అమ్మ (63, మోకాళ్ల నొప్పులు). డిసెంబరుతో పోలిస్తే హోటళ్లు సగం రేటుకే దొరుకుతున్నాయి. మొదటి రాత్రి పోర్ట్‌బ్లెయిర్, తర్వాత మూడు రాత్రులు హేవ్‌లాక్ దీవి, ఒక రాత్రి నీల్ దీవి. ఆరో రోజు పొద్దున నీల్ నుంచి ఫెర్రీ, మధ్యాహ్నం ఫ్లైటు. మా బావగారేమో "పెద్దవాళ్లని పెట్టుకుని వానల్లో దీవులకు ఎవడైనా వెళ్తాడా" అని కోప్పడుతున్నారు. టికెట్లు ఇంకా తీయలేదు. మీరేమంటారు?

కొబ్బరిబొండాం:
మీ బావగారి మాట వినండి. నైరుతి రుతుపవనాలు మే మూడో వారానికే అండమాన్‌ను తాకుతాయి, మన దగ్గరికి ఆ తర్వాతే వస్తాయి. అక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. విశాఖలో పడేది అందులో మూడో వంతు. మేం రెండేళ్ల క్రితం ఆగస్టులో వెళ్లాం. నాలుగు రోజుల్లో మూడు రోజులు హోటల్ వరండాలో పేకాట. స్కూబా లేదు, బోటు షికారు లేదు. సగం రేటుకి సగం కూడా చూడలేదు. డబ్బు మిగిలిందని ఎలా అనుకోవాలి?

తడిసిన గొడుగు:
నేను ఒప్పుకోను. వాన పడితే ప్రమాదం, ఎండ కాస్తే క్షేమం అనే లెక్క ఎక్కడిదండీ? 2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ దగ్గర పర్యాటకుల బోటు మునిగి 20 మందికి పైగా చనిపోయారు. అది తుపాను రోజు కాదు. పాతిక మందికి అనుమతి ఉన్న బోటులో అంతకు చాలా ఎక్కువ మందిని ఎక్కించారు. 2016 డిసెంబరులో వాయుగుండం వచ్చి హేవ్‌లాక్, నీల్‌లలో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుంటే నేవీ ఓడలు వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. రెండూ మీరు "మంచి సీజన్" అనే నెలలే.

లెక్కల మాస్టారు:
తమ్ముడూ, సీజన్‌లో జనం ఎక్కువ, కాబట్టి ప్రమాదం జరిగితే బాధితులూ ఎక్కువ. దాన్నిబట్టి జులై సముద్రం మెత్తనిదని తేల్చేస్తే ఎలా? అయితే బోటు విషయంలో నువ్వు చెప్పింది నిజం. లైఫ్ జాకెట్ ఇవ్వకపోయినా, కూర్చునే చోటు లేకుండా మనుషుల్ని నింపుతున్నా, డబ్బు కట్టేసి ఉన్నా సరే దిగిపోవాలి. మనవాళ్లకి మొహమాటం ఎక్కువ, అక్కడే వస్తుంది చిక్కు.

జంగ్లీఘాట్ కుర్రాడు:
నేను ఇక్కడే, పోర్ట్‌బ్లెయిర్‌లోనే పుట్టాను. మా తాత శ్రీకాకుళం నుంచి చేపల వేటకి వచ్చి ఉండిపోయాడు. మా పేటలో అడుగడుగునా తెలుగే వినిపిస్తుంది, కాబట్టి భాష గురించి టెన్షన్ వద్దు.

గోపి గారూ, మీ ప్లాన్‌లో తప్పు జులై కాదు, ఆరో రోజు. నీల్ నుంచి పొద్దున ఫెర్రీ, మధ్యాహ్నం విమానం అంటే జూదమే. గాలి పెరిగితే ఫెర్రీ ఆపేస్తారు. జెట్టీ దగ్గర నేను ఎన్నోసార్లు చూశాను. పైన ఎండ కాస్తూనే ఉంటుంది, నీళ్లు అద్దంలా కనిపిస్తాయి, జనం "ఎందుకు ఆపారు" అని కౌంటర్లో అరుస్తుంటారు. జెట్టీ లోపల నీళ్లు ఎప్పుడూ నిలకడగానే ఉంటాయి, అల బయట ఉంటుంది. చివరి రెండు రాత్రులు పోర్ట్‌బ్లెయిర్‌లో పెట్టుకోండి. దీవులు ముందు చూసేయండి.

ఇంకోటి. జులైలో గాలి నైరుతి నుంచి వస్తుంది. రాధానగర్ బీచ్ హేవ్‌లాక్‌కి పడమటి వైపు ఉంటుంది కాబట్టి అల నేరుగా కొడుతుంది. పాపని అక్కడ నీళ్లలోకి దింపొద్దు, ఒడ్డున కూర్చుని చూడండి చాలు. తూర్పు వైపు విజయనగర్, కాలాపత్థర్ దగ్గర నీళ్లు శాంతంగా ఉంటాయి, కానీ ఆటు వేళ రాళ్లు తేలతాయి. పోటు వేళ ఎప్పుడో హోటల్‌లో అడగండి. మొసళ్ల బోర్డు ఉన్నచోట, వాగు సముద్రంలో కలిసేచోట అసలు దిగొద్దు. 2010లో రాధానగర్‌కి దగ్గర్లోనే ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపింది.

టికెట్ మీద "స్వరాజ్ ద్వీప్" అని ఉంటే కంగారు పడకండి, అది హేవ్‌లాకే. నీల్ 2018 నుంచి షహీద్ ద్వీప్, పోర్ట్‌బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. మొన్న ఒకాయన తప్పు టికెట్ ఇచ్చారని అరగంట గొడవపడ్డాడు.

నర్సక్క:
అందరూ వాన గురించే మాట్లాడుతున్నారు, నాన్నగారి షుగర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫెర్రీ ఊగుతుంటే వాంతులు కావచ్చు. షుగర్ మాత్ర వేసుకుని, తిన్నదంతా కక్కేస్తే షుగర్ పడిపోతుంది. గ్లూకోజు పొడి, బిస్కట్లు ఆయన జేబులోనే ఉండాలి. వాంతుల మాత్రలు వాడొచ్చు కానీ మత్తుగా ఉంటుంది, పెద్దవాళ్లకి ఎంత వేయాలో ఆయన డాక్టర్‌నే అడగండి. పది రోజుల మందులు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టండి. ఇన్సులిన్ వాడుతుంటే అది చేతి సంచిలోనే ఉండాలి.

చెప్పులు లేకుండా ఒడ్డున నడవనివ్వొద్దు. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. పగడపు ముక్క కోసుకున్నా తెలియదు. మా వార్డులో ఒకాయన రామేశ్వరం వెళ్లొచ్చాక సాయంత్రం సాక్సు విప్పినప్పుడు చూసుకున్నారు, రక్తం అప్పటికే గడ్డకట్టింది. హేవ్‌లాక్‌లో ఉన్నది చిన్న ఆరోగ్య కేంద్రం. పెద్ద ఆసుపత్రి జీబీ పంత్, అది పోర్ట్‌బ్లెయిర్‌లో. ఫెర్రీ ఆగిన రోజున అక్కడికి చేరడం ఎంత కష్టమో ఆలోచించండి. అందుకే నా ఓటు బావగారికే. జనవరి, ఫిబ్రవరిలో వెళ్లండి.

తడిసిన గొడుగు:
అక్కా, మీరు చెప్పిన జాగ్రత్తలన్నీ జనవరిలోనూ కావాల్సినవే కదా.

నర్సక్క:
కావాలి. కానీ జనవరిలో ఫెర్రీ ఆగే రోజులు తక్కువ. నా బాధంతా దాని గురించే.

కొబ్బరిబొండాం:
అదీ మాట! సముద్రంలో చిక్కుకుంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554, ఫోన్లో పెట్టుకోండి. ఈతకి వెళ్తే మన విశాఖ ఆర్కే బీచ్ గుర్తుంచుకోండి. అక్కడ నీళ్ల లాగుడు మోకాళ్ల లోతులో నిలబడ్డవాళ్లని కూడా లోపలికి లాగేస్తుంది. లాగినప్పుడు ఎదురీదకుండా, ఒడ్డుకి సమాంతరంగా ఈదితే బయటపడొచ్చు.

గాజువాక గోపి:
అందరికీ థాంక్స్. రాత్రి ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. నీల్ తీసేశాం. పోర్ట్‌బ్లెయిర్ ఒక రాత్రి, హేవ్‌లాక్ రెండు, మళ్లీ పోర్ట్‌బ్లెయిర్ రెండు. నాన్న డాక్టర్‌ని శనివారం కలుస్తున్నాం. ఆయన వద్దంటే జనవరికి మార్చేస్తాం, నర్సక్క మాట అక్కడ నెగ్గినట్టే. సెల్యులార్ జైలు చూస్తే చాలు అంటున్నారు నాన్న. బావగారు ఇంకా మాట్లాడటం లేదు. అమ్మ మాత్రం నిన్ననే కొత్త గొడుగు కొనుక్కొచ్చింది.

జంగ్లీఘాట్ కుర్రాడు:
గొడుగు ఇక్కడి గాలికి ఒక్క పూట కూడా నిలవదండీ. రెయిన్‌కోటు కొనమనండి.